రొయ్యల పీలింగ్ హాల్లో పనిని కిలోల్లో కొలిస్తే సరిపోతుందా? (చర్చ: ఒక్కో భాగం పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు)

ఉండి రోడ్డు
భీమవరం దగ్గర మా రొయ్యల ప్లాంటు. పీలింగ్ హాల్లో 120 మంది, అందరూ వ్యాన్లలో వచ్చే ఆడవాళ్లే. రోజు కూలి ఖాయం, పైన ఒలిచిన కిలోలను బట్టి ఇన్సెంటివ్. నెలాఖరుకి సూపర్‌వైజర్లు ఎ, బి, సి గ్రేడులు వేస్తారు. సి పడ్డవాళ్ల పేర్లు గేటు దగ్గర బోర్డు మీద. కిలోలైతే పెరిగాయి గానీ, ఈల్డు (ఇచ్చిన రొయ్య బరువులో ఒలిచాక మిగిలేది) 82 నుంచి 79 శాతానికి పడింది. రొయ్య వీపులోని నల్ల నరం ఉండిపోయిందని క్యూసీ (నాణ్యత చూసేవాళ్లు) తిప్పి పంపే టబ్బులూ ఎక్కువయ్యాయి. "వర్కర్లకి కాస్త అధికారం ఇవ్వండి, కొలత మార్చండి" అని పైనుంచి మాట వచ్చింది. ఎక్కడ మొదలెట్టాలండి?

యనమదుర్రు
ముందు ఆ కిలో సంగతి తేల్చండి. కౌంటు అంటే పౌండుకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. తల తీసిన 21/25 కౌంటు అంటే పౌండుకి సగటున 23, కిలోకి 50 రొయ్యలు. 41/50 అయితే కిలోకి 100. ఒకే కిలో, రెట్టింపు చేతిపని. తూకం కాటా పక్క టేబుల్‌కి పెద్ద రొయ్య, మూల టేబుల్‌కి చిన్న రొయ్య పోతున్నంత కాలం మీ ఎ గ్రేడు మనిషికి కాదు, టేబుల్‌కి పడుతున్నట్టే.

అలాగని చిన్న రొయ్యకి నేరుగా రెట్టింపు కట్టకండి. చిన్న రొయ్య ఒక్కోటి కాస్త త్వరగానే వస్తుంది. మాదిరి వేగం ఉన్న ఆరుగురిని తీసుకుని, ఒక్కో కౌంటులో రెండేసి కిలోలు ఇచ్చి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం స్టాప్‌వాచ్ పెట్టండి. ఒక కౌంటు కిలోకి పట్టిన సగటు వేళని ఇంకో కౌంటుతో పోలిస్తే వచ్చేదే మీ మారకం రేటు. హాల్లో అందరికన్నా చురుకైన మనిషిని మాత్రం పెట్టకండి, మిగతా 119 మంది ఆ అంకె చూసి చేతులెత్తేస్తారు.

అమావాస్య, పౌర్ణమి దాటాక వచ్చే సరుకుని విడిగా రాయించండి. మోల్టింగ్ అయిన (పాత పొట్టు విడిచిన) రొయ్యకి పొట్టు మెత్తగా ఉంటుంది, కండ తునుగుతుంది, ఈల్డు పడిపోతుంది. అది చెరువు సంగతి, ఒలిచేవాళ్ల తప్పు కాదు.

ఇంకోటి. ఒలిచిన రొయ్య నీళ్లలో నానితే బరువు పెరుగుతుంది. చిల్లుల ట్రేలో వాలుగా రెండు నిమిషాలు నీళ్లు ఓడనిచ్చాకే కాటా ఎక్కించాలి, అందరికీ ఒకేలా. ఇది లేకపోతే మీరు ఇన్సెంటివ్ ఇచ్చేది నీళ్లకి! ఇచ్చిన బరువు, తిరిగొచ్చిన బరువు రెండూ టోకెన్ నంబరు మీద రాస్తేనే ఈల్డు మనిషివారీగా తెలుస్తుంది. రోజుకి 5 టన్నులు ఒలిచే చోట ఒక్క శాతం ఈల్డంటే 50 కిలోలండి.

లెక్కల మాస్టారు
గ్రేడుల గురించి. డెమింగ్ అనే అమెరికా నాణ్యత నిపుణుడు తన క్లాసుల్లో పూసల ఆట ఆడించేవారు. 4,000 పూసలు, అందులో 800 ఎర్రవి. 50 గుంటల తెడ్డుతో తోడాలి, ఎర్రది వస్తే తప్పు. ఒకరికి 6, ఒకరికి 14. వాళ్ల చేతుల్లో ఏమీ లేకపోయినా మెప్పూ తిట్టూ మాత్రం వాళ్లకే.

మీ హాల్లోనూ పరీక్షించండి. ఒక్కొక్కరి టబ్బు నుంచి రోజుకోసారి, వేళ ముందు చెప్పకుండా, 50 ముక్కలు తీసి నరం, పొట్టు తునక, తెగిన తోక లెక్కపెట్టండి. మనిషికి రెండు నిమిషాలు, 120 మందికి ఒక చెకర్‌కి నాలుగు గంటలు. హాలు సగటు 50కి 3 తప్పులనుకుందాం. అంటే తప్పుల పాలు 0.06, మంచివి 0.94. 50ని ఆ రెండిటితో గుణిస్తే 2.82. వర్గమూలం 1.68. దానికి మూడింతలు 5. సగటుకి కలిపితే 8, ఊరికే యాదృచ్ఛికంగా వచ్చే తేడాకి అది పై హద్దు. అంటే 1 వచ్చినా 7 వచ్చినా ఆ ఒక్కరోజు లెక్కతో మనిషిని తూచలేం.

వారానికి 300 ముక్కలు కూడితే సగటు 18, హద్దులు సుమారు 6, 30. ముప్పై దాటిన మనిషి పక్కన కూర్చుని చెయ్యి చూడండి, చాలావరకు నరం తీసే సూది మొండిదో, నేర్పినవాళ్లు తప్పు నేర్పారో తేలుతుంది. ఆరుకి లోపు వచ్చినవాళ్ల దగ్గరకి కొత్తవాళ్లని పంపండి. మధ్యలో ఉన్న వందమందికి గ్రేడులు వేయడం మానండి.

ఉండి రోడ్డు
బాగుందండి. కానీ కిలో ఇన్సెంటివ్ తీసేస్తే సగం మంది పక్క ప్లాంటుకి పోతారు. దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు ఎలాగూ మనుషులు దొరకరు.

కొల్లేటి గాలి
తీసేయకండి, టేబుల్‌కి మార్చండి. ఆరుగురో ఎనిమిదిమందో ఉన్న టేబుల్ మొత్తానికి, మారకం రేటు వేసిన కిలోలు, ఈల్డు హద్దు దాటితేనే. పన్నెండుమందిని కలిపితే ఎవరు నెమ్మదించారో ఎవరికీ పట్టదు. మాస్టారి లెక్క సబబే, కానీ అది శుభ్రతకి. వేగంలో మనిషికీ మనిషికీ నిజంగానే తేడా ఉంటుంది, అంతా పూసల ఖాతాలో వేయలేం.

ఇక అధికారం. "మీదే హాలు" అని మీటింగులో చెప్తే ఒరిగేదేం లేదు. టేబుల్ లీడరుకి మూడు పనులు రాసివ్వండి. రొయ్య 5 డిగ్రీలు దాటితే టబ్బు వెనక్కి పంపి ఐసు వేయించడం, కౌంటు కలిసిపోయిన టబ్బుని సైజులు వేరుచేసే గ్రేడింగుకి తిప్పి పంపడం, మొండి సూదికి ఇండెంటు (స్టోరుకి రాసే చీటీ) లేకుండా కొత్తది తీసుకోవడం. ఒక్కో టేబుల్ దగ్గర థర్మామీటరూ బెల్లూ ఉండాలి. బెల్లు కొడితే సూపర్‌వైజర్ రెండు నిమిషాల్లో రావాలి.

చాలాచోట్ల ఇది రెండో వారానికే ఆగిపోతుంది, ఎందుకంటే టబ్బు వెనక్కి పంపిన ఇరవై నిమిషాలూ ఆ టేబుల్ కిలోలు తగ్గుతాయి. అధికారం లీడరుది, నష్టం ఎనిమిదిమందిదీ. ఇంకెవరు బెల్లు కొడతారు? ఆగిన నిమిషాలు స్లిప్పు మీద రాసి, ఆ వేళకి టేబుల్ సగటు కిలోలు జమ కట్టండి.

సూపర్‌వైజర్ గ్రేడు కూడా మార్చాలి. ఆయన్ని టన్నులతోనే కొలిస్తే బెల్లు కొట్టిన మనిషి మీద ఆయన కన్ను పడుతుంది.

యనమదుర్రు
పీసు రేటు లెక్క ఎలా మార్చినా రోజుకి కట్టే మొత్తం కనీస వేతనానికి తగ్గకూడదు. 1948 కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్‌లో ఉండిందీ అదే, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లో ఉన్నదీ అదే. గేటు దగ్గర ఆ సి గ్రేడు పేర్ల బోర్డు రేపే దింపించండి. దాని బదులు టేబుల్‌వారీ ఈల్డు, ఆగిన నిమిషాలు, ఆగడానికి కారణం రాయించండి.

ఉండి రోడ్డు
ముందు రెండు టేబుళ్లతో చేద్దామా, హాలంతానా?

కొల్లేటి గాలి
నాలుగు టేబుళ్లు, ఒక అమావాస్య ఒక పౌర్ణమి గడిచేదాకా. అందులో కాటాకి దూరంగా ఉన్న మూల టేబుల్ ఒకటి తప్పనిసరిగా ఉండాలి.