1/350 ఎంటర్‌ప్రైజ్ (సీవీఎన్-65) మొదలుపెడుతున్నా: డెక్ పెయింట్, హ్యాంగర్ లైట్లు, విమానాల గురించి డౌట్లు

ప్లాస్టిక్‌పిచ్చి:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ 1/72 స్కేల్ (అసలు సైజులో 72వ వంతు) మోడల్ జెట్లు చేసుకుంటూ వచ్చా, షిప్పుల్లో 1/700 డిస్ట్రాయర్ ఒకటే చేశా. ఇప్పుడు 1/350 ఎంటర్‌ప్రైజ్ చేతికొచ్చింది, రెండో ప్రపంచయుద్ధం నాటిది కాదు, అణు రియాక్టర్లతో నడిచే అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్. అసలు ఓడ 342 మీటర్లు కదా, మోడల్ దాదాపు 98 సెంటీమీటర్లు వస్తుంది, హల్ (ఓడ అడుగు డొప్ప) బయటికి తీసి టేబుల్ మీద పెడితే ఇంకేం పెట్టడానికి చోటు లేదు.

డౌట్లు ఏంటంటే, అంత పెద్ద డెక్‌కి ఒకే గ్రే కొడితే అట్టముక్కలా కనిపిస్తుందేమో అని భయం, దాన్ని ఎలా బ్రేక్ చేస్తారు? ఫొటో ఎచ్ సెట్ (పల్చటి ఇత్తడి రేకులో వచ్చే సన్న భాగాలు) మొత్తం వాడాలా లేక కొంత వదిలేయొచ్చా? హ్యాంగర్‌లో (డెక్ కింద విమానాలు పెట్టే చోట) ఎల్ఈడీలు పెట్టాలని ఉంది. ఇక ఐలాండ్ (డెక్ మీద లేచి ఉండే కట్టడం) మాత్రం ఆ పాత చదరపుదే చేస్తా, నాలుగు పక్కలా బిల్‌బోర్డ్ రాడార్లు (పెద్ద చదును పలకల్లాంటివి), పైన డోమ్, అది లేకపోతే ఎంటర్‌ప్రైజ్ ఎంటర్‌ప్రైజే కాదు నా దృష్టిలో. డెక్ మీద ఫైటర్ జెట్లు ఫాంటమ్‌లూ టామ్‌క్యాట్‌లూ (ఎఫ్-14) రెండూ పెట్టేస్తా, రెండూ ఇష్టం కాబట్టి. ఎవరైనా చేసినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

డెక్‌గ్రే:
ముందు కంగ్రాట్స్ బ్రో, మంచి ఓడ పట్టుకున్నావ్. కానీ జిగురు మూత తీసేముందు ఒక పని చెయ్, ఏ సంవత్సరం ఎంటర్‌ప్రైజో తేల్చుకో. ఎందుకంటే ఆ ఓడ 1961లో సర్వీస్‌లోకి వచ్చి 2012 దాకా తిరిగింది, అన్నేళ్లూ ఒకేలా లేదు. నువ్వు చెప్పే చదరపు ఐలాండ్, బిల్‌బోర్డ్ రాడార్లు 1979లో మొదలైన పెద్ద రీఫిట్‌లో (మరమ్మతులు, మార్పుల్లో) పోయాయి, 1982లో బయటికొచ్చేసరికి ఐలాండ్ పైభాగం మొత్తం మారిపోయింది. మరోవైపు టామ్‌క్యాట్ ఈ ఓడ మీదకి మొదటిసారి సముద్రయానానికి వచ్చింది 1974లో, అసలు ఎఫ్-14కి అదే మొదటి డిప్లాయ్‌మెంట్. అంటే చదరపు ఐలాండ్ ప్లస్ టామ్‌క్యాట్ కావాలంటే 1974 నుంచి రీఫిట్‌కి వెళ్లేదాకా ఉన్న ఆ కొన్నేళ్లలోంచే ఏడాది ఎంచుకోవాలి.

ఇక ఫాంటమ్‌లు. 1974 క్రూజ్‌లో రెండు ఫైటర్ స్క్వాడ్రన్లూ, వీఎఫ్-1, వీఎఫ్-2, రెండూ టామ్‌క్యాట్‌లే. ఫాంటమ్‌లకి ఆ డెక్ మీద పని లేదు. ఫాంటమే కావాలంటే 1964కి వెళ్లు, ఎంటర్‌ప్రైజ్, లాంగ్ బీచ్, బెయిన్‌బ్రిడ్జ్ మూడూ అణు ఓడలే, మధ్యలో ఇంధనం పోయించుకోకుండా ప్రపంచం చుట్టొచ్చిన ఆపరేషన్ సీ ఆర్బిట్ అదే ఏడాది. సిబ్బంది డెక్ మీద నిలబడి ఐన్‌స్టీన్ సమీకరణం అక్షరాలుగా ఏర్పడ్డ ఫొటో చూసే ఉంటావ్, ఆ టైమ్‌దే. అప్పుడు డెక్ మీద ఫాంటమ్‌తో పాటు క్రూసేడర్, స్కైహాక్, విజిలాంటే, ప్రొపెల్లర్ స్కైరైడర్ కూడా ఉంటాయి, రకరకాల ఆకారాలు, నన్నడిగితే 1974 కన్నా అదే అందం.

ఇంకోటి, కిట్‌లో ఫాలాంక్స్ గన్‌లు (దగ్గరికొచ్చే క్షిపణుల్ని కూల్చేవి) ఉంటే, ఆ తెల్ల డోమ్‌లవి, రీఫిట్ ముందు ఓడకి పెట్టకు. ఫాలాంక్స్ నేవీలోకి వచ్చిందే 1980లో. ఆ అటాచ్‌మెంట్ పాయింట్లు ఉన్నచోట పుట్టీ పెట్టి సాఫ్ చేసేయ్.

ఇత్తడిచేతులు:
పైన అన్న చెప్పింది కరెక్టే కానీ మరీ అంత స్ట్రిక్టుగా ఉండక్కర్లేదు, ఎవరి షెల్ఫ్ వాళ్లది. నేను ఫొటో ఎచ్ గురించి చెప్తా, ఎక్కువ బుర్ర తిన్నది నన్ను అదే.

మొత్తం వాడకు. హ్యాంగర్ లోపలి నిచ్చెనలు, తలుపు వెనక బ్రాకెట్లు లాంటివి వదిలేయ్, డెక్ అంటించాక ఆ దేవుడికి తప్ప ఎవరికీ కనపడవు. డబ్బూ ఓపికా పెట్టాల్సిన చోట్లు మూడే, రాడార్లు మరియు మాస్ట్, డెక్ అంచు చుట్టూ ఉండే సేఫ్టీ నెట్లు, విమానాల్ని హ్యాంగర్ నుంచి పైకి తెచ్చే ఎలివేటర్ల దగ్గర రెయిలింగ్. మనిషి నడుము ఎత్తు రెయిలింగ్ 1/350లో మూడు మిల్లీమీటర్లు కూడా రాదు, ప్లాస్టిక్‌లో దాన్ని పోత పోస్తే గోడలా ఉంటుంది, అందుకే ఇత్తడి తప్పదు.

ఫ్రెట్ (ముక్కలన్నీ అంటుకుని ఉండే ఇత్తడి రేకు) నుంచి కొయ్యడానికి గాజుపలక లేదా సిరామిక్ టైల్ మీద పెట్టి కొత్త బ్లేడ్‌తో నొక్కి కోయాలి, కటింగ్ మ్యాట్ మీద కోస్తే ముక్క కిందకి వంగి ఆ వంపు మళ్లీ పోదు. గుండ్రంగా తిప్పాల్సిన ముక్కల్ని ముందు మంట మీద కాస్త ఎర్రగా కాల్చి చల్లారనివ్వు, మెత్తబడి చెప్పినట్టు వింటాయి. సూపర్ గ్లూ సీసా నుంచి డైరెక్టుగా పోయకు, పలక మీద చుక్క వేసుకుని సన్న తీగ కొసతో అందుకుని అతుకు దగ్గర తాకిస్తే అదే లోపలికి పాకుతుంది. రెయిలింగ్ అన్నింటికన్నా ఆఖర్న, లేదంటే ప్రతిసారీ చెయ్యి తగిలి వంగుతూనే ఉంటుంది.

లైట్ల గురించి నా అభిప్రాయం, వద్దు. కనిపించేది ఎలివేటర్ ద్వారాలు నాలుగు, వాటి కోసం అంత వైరింగా? పైగా ఒక ఎల్ఈడీ పోతే డెక్ పగలగొట్టి తీస్తావా?

రాత్రిడ్యూటీ:
లైట్లు వద్దనడం నేనొప్పుకోను అండి. రాత్రిపూట గదిలో లైటు ఆర్పి ఆ ఎలివేటర్ ద్వారం లోంచి లోపల నిలబెట్టిన విమానం ముక్కు కనిపిస్తే ఆ మజాయే వేరు. పోతాయి అన్న భయానికి మందు ఉంది, ఎల్ఈడీకి దాని రేటింగ్ కన్నా బాగా తక్కువ కరెంట్ ఇవ్వండి, పెద్ద రెసిస్టర్ వేస్తే సరి, వెలుగు కూడా ఆ స్కేల్‌కి సరిపోయేంత మెత్తగా వస్తుంది. బ్యాటరీ హల్ లోపల పెట్టకండి, వైర్లు స్టాండ్ కాలు లోంచి కిందకి దించి స్విచ్, సప్లై బేస్‌లో పెట్టండి. తెల్లది కాకుండా వార్మ్ వైట్ తీసుకోండి, నీలి తెలుపు అయితే హ్యాంగర్ కాదు ఫ్రిజ్ తెరిచినట్టు ఉంటుంది.

ముఖ్యమైన విషయం, ప్లాస్టిక్ గుండా వెలుగు కారుతుంది. హల్ లోపలి వైపు మొత్తం నల్లరంగు రెండు కోట్లు, దాని మీద తెలుపు, ఆ తర్వాతే లైట్లు. చీకట్లో వెలిగించి బయట నుంచి చూస్తూ ఎక్కడ గీత కనిపిస్తే అక్కడ మళ్లీ నలుపు. ఇది హల్ మూశాక చేయలేం.

ఇంకా మూయకముందే స్టాండ్ కోసం నట్లు లోపల ఎపాక్సీతో బిగించేయండి. ఇంత పొడవు ఓడని పైనుంచి రెండు చేతులతో పట్టుకుని పెయింట్ చేయడం నరకం, కింద బోల్టుతో చెక్కకి బిగిస్తే చెక్కని పట్టుకుని తిప్పుకోవచ్చు. హల్ అంచులు లోపలికి వంగి ఉంటే అడ్డంగా ప్లాస్టిక్ స్ట్రిప్పులు కట్ చేసి పెట్టి, వెడల్పు డెక్‌కి సరిపోతోందా అని ముక్కు నుంచి వెనక దాకా చెక్ చేసుకోండి.

డెక్‌గ్రే:
డెక్ గురించి అడిగావ్ కదా, దానికి రాద్దామని మర్చిపోయా, పెద్దదే అవుతుంది.

అసలు డెక్ మీద నాన్‌స్కిడ్ కోటింగ్ ఉంటుంది, ఇసుకలా గరుకుగా, కొత్తగా వేసినప్పుడు దాదాపు నల్లగా ఉండి ఎండకీ ఉప్పుగాలికీ తేలిపోతుంది. అరిగినచోట ముక్కలు ముక్కలుగా మళ్లీ వేస్తారు, అందుకే ఫొటోల్లో డెక్ అతుకులబొంతలా కనిపిస్తుంది. నువ్వు చెయ్యాల్సింది అదే, బేస్ గ్రే కొట్టాక టేప్‌తో చదరాలు చదరాలుగా మాస్క్ చేసి అదే గ్రేలో ఒక చుక్క తెలుపు, ఇంకోచోట ఒక చుక్క నలుపు, ఇంకోచోట కాస్త గోధుమ కలిపి పల్చగా కొట్టు. తేడా దగ్గరికొచ్చి చూస్తేనే తెలియాలి, చదరంగం బోర్డ్ చేయకు.

తర్వాత దిశ. చాలామంది మరకలన్నీ ఓడ పొడవు వెంటే లాగేస్తారు, అది తప్పు. టైర్ రబ్బర్ నలుపు పడేది విమానాలు దిగే కోణపు డెక్ మీద, ఆ గీత వెంట, దిగే విమానాన్ని ఆపే కేబుళ్లు ఉన్న ప్రాంతం నుంచి ముందుకి చిక్కగా మొదలై పల్చబడుతూ పోవాలి. ముందున్న రెండు కేటపల్ట్‌ల (విమానాన్ని ఎగరడానికి విసిరే యంత్రాలు) దగ్గర మాత్రం ట్రాక్ వెంట గ్రీజు, నూనె జిడ్డు. ఎయిర్‌బ్రష్ ఉంటే స్కేల్ పక్కన పెట్టి సన్నగా కొట్టు, లేకపోతే ఆయిల్ పెయింట్ చుక్కలు పెట్టి పొడి బ్రష్‌తో ఆ దిశలో లాగితే చాలు.

తెల్ల గీతలకి పొడవు డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే స్టిక్కర్లు) నమ్మకు, ముందు తెలుపు కొట్టి సన్న టేప్ వేసి పైన గ్రే కొట్టు, అంచు కత్తిలా వస్తుంది. నంబర్ 65కి మాత్రం డెకాల్ ఓకే, కింద మెరిసే గ్లాసీ కోట్, పైన మెరుపు లేని మ్యాట్ కోట్.

ప్లాస్టిక్‌పిచ్చి:
థాంక్స్ అందరికీ, బుర్ర తిరిగింది కానీ మంచి తిరుగుడే 😄 1974కే ఫిక్స్ అయ్యా, చదరపు ఐలాండ్, టామ్‌క్యాట్‌లు, ఫాంటమ్‌లు వేరే ఓడకి దాచుకుంటా. లైట్లు పెడుతున్నా, ఇత్తడిచేతులు గారు క్షమించాలి. ఒక్కటి చెప్పండి, డెక్ నిండా విమానాలు పెట్టేయొచ్చా? కిట్‌లో చాలానే ఉన్నాయి.

డెక్‌గ్రే:
నిండా పెడితే పైన ఉన్నవి ఎక్కడ దిగుతాయి బ్రో? ఓడ ఆ క్షణంలో ఏం చేస్తోందో అనుకో. దింపుకుంటుంటే కోణపు డెక్ మొత్తం ఖాళీ, విమానాలన్నీ ముక్కు వైపు, ఐలాండ్ పక్కన కుక్కి ఉంటాయి, తోకలు సముద్రం మీదకి వేలాడుతూ. ఎగరేస్తుంటే ముందు కేటపల్ట్‌లు ఖాళీ, వెనక గుంపు, ఒకటి బ్లాస్ట్ డిఫ్లెక్టర్ (జెట్ వేడిగాలిని అడ్డుకునే పలక) పైకి లేపి దాని ముందు. ఆగి ఉన్న టామ్‌క్యాట్ రెక్కలు మొత్తం వెనక్కి, ఎగిరేటప్పుడు మడిచేదానికన్నా ఇంకా వెనక్కి, 75 డిగ్రీలకి, మడుస్తారు చోటు కోసం, కిట్‌లో రెక్కలు తెరిచి ఉంటే రంపంతో కోసి మళ్లీ అతికించు. స్కైహాక్‌లా చిన్నదైతే రెక్క మడత లేదు, ఏ-7 దాడి విమానానికి ఉంది, అది ఆ క్రూజ్‌లో ఉంది కాబట్టి మడిచే పెట్టు.

మనుషులు కూడా వెయ్యి, అయిదు మిల్లీమీటర్ల బొమ్మలు. జెర్సీ రంగులు గుర్తుంచుకో, విమానాల్ని నడిపించేవాడు పసుపు, కేటపల్ట్ వాడు ఆకుపచ్చ, ఇంధనం వాడు ఊదా, ఆయుధాల వాడు ఎరుపు. విమానం ముక్కు ముందు పసుపు చొక్కా ఒకడు చెయ్యెత్తి ఉంటే చాలు.

ఇత్తడిచేతులు:
క్షమించా 😄 వార్మ్ వైట్ తీసుకో మరి. విమానాలు ట్రాన్స్‌పరెంట్ ప్లాస్టిక్‌లో వచ్చాయా? అయితే కానోపీలకి (కాక్‌పిట్ అద్దాలకి) ఇప్పుడే మాస్కింగ్ ఫ్లూయిడ్ పెట్టు, పెయింట్ అయ్యాక గీకితే గాజు కూడా పోతుంది.