ముల్కీ కేసుల రాజకీయం: రిటైరైన జీపీ చెప్పే మాటలు చరిత్రకు ఆధారమవుతాయా?

కచేరీ సావడి:
1969–73 మధ్య ముల్కీ వివాదం (తెలంగాణ ఉద్యోగాలకు స్థానిక నివాసం ఉండాలన్న నిబంధనల గొడవ) గురించి ఆనాటి ప్రభుత్వ ప్లీడర్లు (జీపీలు) తర్వాతెప్పుడో చెప్పే జ్ఞాపకాలను ఎంతవరకు నమ్మాలి? ఫైలు నడిచిన దారి మేరకే అంటాను. రిట్ (ప్రభుత్వ చర్యను సవాలు చేసే పిటిషన్) పడగానే అఫిడవిట్ నకలు శాఖకు వెళ్తుంది. శాఖలోని సెక్షన్‌లో పేరావారీ రిమార్కులు తయారవుతాయి. వాటి మీద జీపీ కౌంటర్ (కోర్టుకిచ్చే ప్రభుత్వ జవాబు) రాస్తారు, శాఖ దిద్దుతుంది, అధికారి సంతకం పెడతాడు. జీపీ కళ్లారా చూసేది ఈ నడిమి భాగమే. "కేబినెట్‌లో ఫలానా మంత్రి బల్ల గుద్దాడు" అంటే అది ఆయన విన్న కబురు.

పాత గెజిట్:
ఆ నడిమి భాగాన్ని తేలిగ్గా తీసేయకండి. మొదటి డ్రాఫ్టులో లేని పేరా శాఖ నుంచి తిరిగొచ్చిన ప్రతిలో కనబడితే, దాన్ని ఎవరు ఎందుకు చేర్పించారో జీవో చెప్పదు, తీర్పూ చెప్పదు. తెలిసేది జీపీకీ, ఆ సెక్షన్ ఆఫీసరుకీ.

తారీఖులవారు:
గొడవంతా తారీఖుల్లోనే. "1969లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు కొట్టేసింది" అని ఇప్పటికీ చాలామంది అంటారు. తప్పు. 1969 మార్చి 28న చెల్లదన్నది 1957 నాటి నివాసార్హత చట్టం 3వ సెక్షన్, అదీ తెలంగాణ వరకు. రాజ్యాంగం 16(3) అధికరణం కింద నివాస షరతు పెడితే రాష్ట్రం మొత్తానికి పెట్టాలి, అందులో ఒక భాగానికి కుదరదన్నారు. 15 ఏళ్ల నివాసం అడిగే నిజాం కాలపు నిబంధనల సంగతి వేరు. అవి 1956 తర్వాత చెల్లవని 1972 ఫిబ్రవరి 14న హైకోర్టు ఫుల్ బెంచ్ అంది. అక్టోబర్ 3న సుప్రీంకోర్టు దాన్ని తిరగేసి, 35(బి) అధికరణం వాటిని కాపాడిందని తేల్చింది. ఆ తర్వాతే జై ఆంధ్ర ఉద్యమం, 1973 జనవరిలో ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు రాజీనామా, రాష్ట్రపతి పాలన. మూడు తీర్పులనూ ఒకే మూటలో కట్టేసినవాళ్ల మాట మిగతా విషయాల్లోనూ జాగ్రత్తగా వినాలి.

ఇంకోటి. "ప్రభుత్వం లోలోపల ఓడిపోవాలనే చూసింది" అన్న కథ. 1972 కేసులో సుప్రీంకోర్టుకు అప్పీలుకు వెళ్లిందెవరు? పరిశ్రమలు, వాణిజ్య శాఖ డైరెక్టర్. కేసు పేరులోనే ఉంది!

పాత గెజిట్:
అప్పీలు వేసినంత మాత్రాన మనసుపెట్టి వాదించారని రుజువు కాదండీ. శాఖ వేస్తుంది, మంత్రివర్గం రెండుగా చీలి ఉంటుంది. ఆ చీలిక వాసన తగిలేది సూచనలు తీసుకునే ప్లీడరుకే.

సెక్షన్ 126:
అసలు జీపీ ఇవి బయట చెప్పొచ్చా? పాత సాక్ష్య చట్టం 126 ప్రకారం (కొత్త చట్టంలో 132) వృత్తిలో భాగంగా క్లయింటు చెప్పింది క్లయింటు ఒప్పుకోనిదే బయటపెట్టకూడదు. పని వదిలినా ఆ బాధ్యత పోదు. ఇక్కడ క్లయింటు ప్రభుత్వం, ఆనాటి ముఖ్యమంత్రి కాదు. కాబట్టి "ఆయన పోయారు కదా" అన్న సాకు చెల్లదు. ఓపెన్ కోర్టులో వాదించింది, దాఖలైన కౌంటర్‌లో ఉన్నది మాత్రం ఎవరైనా చెప్పుకోవచ్చు. చట్టవిరుద్ధమైన పని కోసం చెప్పిన మాటకు ఆ రక్షణ లేదు.

కచేరీ సావడి:
సరిచూసుకునే దారి ఉంది. 20 ఏళ్లు దాటిన సంగతులకు సమాచార హక్కు చట్టం 8(3) కింద చాలా మినహాయింపులు తొలగిపోతాయి. కేబినెట్ పత్రాల మినహాయింపు మాత్రం అలాగే ఉంటుంది. "ముల్కీ ఫైళ్లన్నీ ఇవ్వండి" అంటే "లభ్యం కాలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ముందు లా రిపోర్టులో (అచ్చయిన తీర్పుల సంపుటిలో) తీర్పు తీసి రిట్ నంబరు, శాఖ, సంవత్సరం రాసుకోండి. ఫైలు శాఖలో ఉందా, తార్నాక ఆర్కైవ్స్‌కు చేరిందా అని విడిగా అడగండి. ఆ తర్వాతే నోట్ ఫైల్ (శాఖలో అధికారులు రాసుకున్న నోట్లు) నకలు కోరండి. కౌంటర్ ఒక్కటే అడిగితే మీకు దక్కేది తుదిప్రతి. దిద్దుబాట్లు నోట్ ఫైల్ వైపే ఉంటాయి.

పాత గెజిట్:
ఫైలే లేకపోతే?

తారీఖులవారు:
అప్పుడు ఎదుటి పక్షం వకీలు కూడా అదే చెబితే రాసుకోవచ్చు. ఒక్కరి మాటే అయితే "ఫలానావారి కథనం" అని ముందు పెట్టి రాయాలి.

పాత గెజిట్:
ఎదుటి వకీలుకు మన డ్రాఫ్టు సంగతి ఎలా తెలుస్తుందండీ? అడగాల్సింది సెక్షన్‌లో పనిచేసినవాళ్లని.