పరంజా మీంచి పడితే తప్పు ఎవరిది?

సైట్ సూపర్‌వైజర్:
సేఫ్టీ బెల్టులు ఇస్తాం, పెట్టుకోమని రోజూ చెబుతాం. మనం అటు తిరగగానే విప్పేస్తారు. పడితే మాత్రం నింద కాంట్రాక్టర్ మీదే. పెట్టుకోని మనిషికి బాధ్యత ఉండదా?

సివిల్ ఇంజనీర్:
సూపర్‌వైజర్ గారూ, ఆ బెల్టు హుక్ దేనికి తగిలిస్తున్నారు? పరంజా గొట్టానికేనా? పరంజాయే ఒరిగితే మనిషీ దాంతోపాటే వస్తాడు. ఇంకో సంగతి. ఆరడుగుల తాడు, షాక్ అబ్జార్బర్ (పడే ఊపును తగ్గించే పట్టీ) సాగే మూడున్నర అడుగులు, మనిషి ఎత్తు, కాస్త ఖాళీ, అన్నీ కలిపితే హుక్ నుంచి కిందికి సుమారు 18 అడుగుల జాగా కావాలి. పదడుగుల పరంజా మీద అంత జాగా ఎక్కడిది? తాడు పూర్తిగా ఆపేలోపే నేల తగులుతుంది. అక్కడ ప్రాణం కాపాడేది రెయిలింగ్, సందుల్లేకుండా పరిచిన చెక్కలు. ఎత్తులో చేసే పనుల మీద బ్రిటన్ 2005లో తెచ్చిన నిబంధనలు కూడా ముందు అందరినీ ఒకేసారి కాపాడే ఏర్పాటు చేయమంటాయి, బెల్టు ఆ తర్వాతే.

తాపీ మేస్త్రి:
విప్పుతాం, నిజమే. పక్కకి జరిగిన ప్రతిసారీ హుక్ తీసి మళ్లీ తగిలించాలి. పని కొలతకే డబ్బులిచ్చినప్పుడు ఆ టైమ్‌కి ఎవరూ లెక్క కట్టరు.

ఫిజియోథెరపిస్ట్:
మూడు మీటర్లే కదా అనుకుంటారు. సెకను కూడా పట్టదు, నేల తాకేసరికి వేగం గంటకు 27 కి.మీ. దాటుతుంది. కాళ్ల మీద పడితే మడమ ఎముక చితకొచ్చు, ఆ అదురు పైకి పాకి వెన్నుపూస పగలొచ్చు. దయచేసి పడ్డవాణ్ణి కాళ్లూ చేతులూ పట్టి ఎత్తకండి. కదిలించకుండా అంబులెన్స్ పిలవండి.

సివిల్ ఇంజనీర్:
బాధ్యత గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా. న్యూయార్క్‌లో పరంజా చట్టం 1885 నుంచి ఉంది. సరైన రక్షణ లేక పడితే యజమాని, కాంట్రాక్టర్ బాధ్యులు. కార్మికుడి పొరపాటు కొంత ఉన్నా పరిహారం తగ్గదు. అన్నీ సమకూర్చాక కేవలం అతని తప్పు వల్లే పడితే వేరే సంగతి. దీనివల్ల ఇన్సూరెన్స్ ఖర్చు పెరుగుతోందని బిల్డర్లు గొడవ చేస్తూనే ఉన్నారు. నాకు మాత్రం ఇదే న్యాయం అనిపిస్తుంది. పరంజా ఎలా కట్టాలో నిర్ణయించేది కూలీ కాదు కదా.

తాపీ మేస్త్రి:
ఒక్క మాటండీ. పొద్దున చూసి, బాగోలేదు ఎక్కం అంటే ఆ రోజు కూలి కోయకండి. సగం ప్రమాదాలు అక్కడే ఆగుతాయని నా నమ్మకం.

సైట్ సూపర్‌వైజర్:
కూలి సంగతి నా చేతుల్లో లేదు మేస్త్రీ. పరంజా చూసి సంతకం పెట్టేది మాత్రం నేనే. రెయిలింగ్ లేకపోతే సంతకం పెట్టను. కానీ ఎత్తులో బెల్టు విప్పేవాళ్ల విషయంలో నా మాట మారదు.