బంగళా వేలంలో కొన్న ఇంగ్లీషు వెండి సామాను: కరిగించాలా, ఉంచుకోవాలా?

గంజాం గాలి (బరంపురం):

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు ఛత్రపురంలో ఉద్యోగం చేసేటప్పుడు ఎక్కడ పాత బంగళా సామాన్లు వేలానికి వచ్చినా వెళ్ళి ఏదో ఒకటి కొనుక్కొచ్చేవారు, పెద్దమ్మ తిడుతున్నా సరే. ఇప్పుడా ట్రంకుపెట్టె మా వాటాకి వచ్చింది. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ దాని మీద ఆసక్తి లేదు.

లోపల ఒక టీపాట్, దానికి జోడీ పాలజగ్గు, పంచదార పలుకులు తీసుకునే చిన్న పటకారు, ఉప్పు వేసుకునే బుల్లి గిన్నెలు ఒక జత (లోపల బంగారు రంగు ఉంది), బరువైన కొవ్వొత్తి స్టాండ్లు రెండు, తెల్ల పిడుల చేపల కత్తులు, మూత మీద దేవుళ్ళ బొమ్మలు చెక్కిన గుండ్రటి డబ్బా ఉన్నాయి.

ఊళ్ళో ఒక కొట్టుకి పట్టుకెళ్తే ఆయన ముద్రలవైపు చూడనైనా చూడకుండా అన్నీ కలిపి కాటాలో పెట్టి, తరుగు పోను ఇంత వస్తుంది అన్నాడు. టీపాట్ మాత్రం జర్మన్ సిల్వర్, దీనికేం రాదు అని పక్కకి తోసేశాడు. నాకు విచిత్రంగా అనిపించింది ఏమిటంటే టీపాట్ అడుగున కూడా ముద్రలున్నాయి, ఒక్కో గడిలో ఒక్కోటి చొప్పున కొట్టిన నాలుగు అక్షరాలు, ఈ పీ ఎన్ ఎస్ అని. పటకారు లోపలివైపు నడుస్తున్న సింహం, లంగరు, ఆడమనిషి తల, ఒక అక్షరం కనిపిస్తున్నాయి. ఉప్పుగిన్నెల మీద సింహం, పులి తలలాంటిది. స్టాండ్ల మీద సింహం, కిరీటం. దేవుళ్ళ డబ్బా మీద సింహమే లేదు, పి. ఓర్ అండ్ సన్స్ అని పేరు మాత్రం ఉంది.

డబ్బుకి ఇబ్బంది లేదు. కానీ ఏది ఏమిటో తెలియకుండా కరిగించేస్తే తర్వాత ఏడవాల్సి వస్తుందేమోనని టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

పర్లాకిమిడి పంతులు:

ముందు ఆ కొట్టుకి మళ్ళీ వెళ్ళకండి. అయితే టీపాట్ సంగతి ఆయన సరిగ్గానే చెప్పాడు. ఈ పీ ఎన్ ఎస్ అంటే రాగి, నికెల్, జింకు కలిపిన లోహం మీద కరెంటుతో వెండి పూత పట్టించింది, మన జర్మన్ సిల్వర్ మీద వెండి పూత అన్నమాట. బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ వాళ్ళు 1840లో పేటెంట్ తీసుకున్నాక ఇది విపరీతంగా తయారయింది. ఆ అక్షరాల్ని ఒక్కోదాన్ని ఒక్కో షీల్డులో పెట్టి కొట్టడం కూడా అసలు హాల్‌మార్క్‌లాగా కనిపించాలనే. మన గంజాం, కోరాపుట్ వైపు బంగళాల్లోంచి బయటికొచ్చే ఇంగ్లీషు సామానులో ఎక్కువ భాగం ఇదే. క్లబ్బులూ కలెక్టర్లూ రోజూ వాడుకునే టీ సెట్టుకి అసలు వెండి ఎందుకు తగలేస్తారు?

ఇప్పుడు మీ పటకారు. నడిచే సింహం ఉంటే స్టెర్లింగ్, వెయ్యికి 925 పాళ్ళు వెండి. లంగరు బర్మింగ్‌హామ్ గుర్తు, కిరీటం 1974 దాకా షెఫీల్డ్‌ది. ఈ రెండు ఊళ్ళకీ వెండిని పరీక్షించి ముద్ర కొట్టే సొంత పరీక్షా కార్యాలయాలు వచ్చింది 1773లో, అంతకుముందు వాళ్ళు సామాను లండన్ దాకానో చెస్టర్ దాకానో పంపుకోవాల్సి వచ్చేది. ఈ పని సాధించుకోవడానికి లండన్ వెళ్ళినవాళ్ళు క్రౌన్ అండ్ యాంకర్ అనే సత్రంలో కలుసుకునేవారనీ, అందుకే ఒక ఊరికి కిరీటం, ఇంకో ఊరికి లంగరు వచ్చాయనీ ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ బర్మింగ్‌హామ్‌కి సముద్రం లేదు, మరి లంగరెందుకు అన్న అనుమానం మాత్రం దీనితో తీరుతుంది.

ఆ తల పన్ను కట్టినట్టు గుర్తు. 1784 నుంచి 1890 వరకే కొట్టేవారు. ఆడమనిషి తల అంటే విక్టోరియా రాణి, ఆమె గద్దె ఎక్కింది 1837లో. అంటే మీ పటకారు 1837కీ 1890కీ మధ్యది. సరిగ్గా ఏ ఏడు అన్నది ఆ ఒక్క అక్షరం చెబుతుంది, ఏటేటా అక్షరం మారుస్తారు. ఒక వరస అయిపోయాక మళ్ళీ మొదలెట్టేటప్పుడు అక్షరం రూపం, చుట్టూ ఉన్న షీల్డు ఆకారం మారుస్తారు కాబట్టి రెండూ కనిపించేలా ఫోటో కావాలి. ఫ్లాష్ వేయకండి, కిటికీ పక్కన పెట్టి ఏటవాలు వెలుతురులో తీయండి.

ఉప్పుగిన్నెల మీద ఉన్నది పులి కాదు, చిరుత తల, లండన్ గుర్తు. తల మీద కిరీటం లేకపోతే 1821 తర్వాతది. లోపల బంగారు నీళ్ళు పట్టించడం సోకు కోసం కాదు, ఉప్పు వెండిని తినేస్తుంది కాబట్టి.

రాయగడ రాజా:

ఇంత పురాణం ఎందుకండీ, వెండి రేటు చూశారా? అమ్మేసి ఆ డబ్బు బ్యాంకులో పడేయండి. ఇంట్లో పెట్టుకుంటే నల్లబడడం తప్ప ఏముంది, మన పిల్లలు చూడను కూడా చూడరు.

కంసాలి మనవడు (పలాస):

రాజా గారూ, అమ్మడం తప్పని నేననను, మా ఇంట్లో తరతరాలుగా బతికిందే దాని మీద. కానీ ఏది ఎలా అమ్మాలో చూడాలి కదా. ఆ పటకారు బరువు తూస్తే మహా అయితే నాలుగు తులాలు ఉంటుంది, కరిగిస్తే అంతే. కరిగించకపోతే దాని మీద పనితనానికీ ముద్రకీ విడిగా విలువ కట్టేవాళ్ళు కలకత్తాలో, బొంబాయిలో ఉన్నారు.

గంజాం గారూ, మీ కొవ్వొత్తి స్టాండ్ల సంగతి చెప్తాను, అక్కడే మోసం జరిగేది. షెఫీల్డ్ స్టాండ్లు చాలావరకు పోత పోసినవి కావు. పల్చటి వెండి రేకుని అచ్చులో కొట్టి, ముక్కలు టంకం పెట్టి అతికి, లోపల గుగ్గిలంలాంటిదో ప్లాస్టరో నింపేస్తారు, నిలబడడానికి. అడుగున పచ్చ బనాతు గుడ్డ అంటించి ఉందా? గోటితో కొట్టి చూడండి, బోలుగా ఖణేల్‌మనకుండా మొద్దుగా టక్ టక్ అంటే లోపల నింపుడు ఉన్నట్టే. చేతికి బరువుగా ఉన్నా అందులో వెండి కొంచెమే. కాటా మీద పెట్టి ఇంత అన్నాడంటే కొనేవాడు తర్వాత తరుగు పేరుతో ఎంతైనా కోస్తాడు. అదే మీరు కొనేవాళ్ళయితే ఆ గుగ్గిలాన్ని వెండి ధరకి కొన్నట్టు. కత్తుల పిడులు వెండివైనా అంతే, లోపల నింపుడే.

ఇంకో పరీక్ష, డబ్బు ఖర్చు లేనిది. ముద్ర ఉన్నచోట నోటితో గట్టిగా ఆవిరి ఊదండి. చల్లటి వెండి మీద ఆవిరి కమ్మి, మెల్లగా విడిపోయేటప్పుడు చూడండి. ముద్ర చుట్టూ చతురస్రంగానో గుండ్రంగానో సన్నటి గీత తేలిందంటే అది టంకం గీత. విరిగిపోయిన ఏ చెంచాలోంచో ముద్ర ముక్క కోసి ఇక్కడ అతికారన్నమాట. అలాగే పళ్ళెం మధ్యలోనో జగ్గు పొట్ట మీదో బొటనవేలితో నొక్కితే రేకు లోపలికి దిగుతోందంటే పాత దొరగారి వంశచిహ్నాన్ని ఎవరో అరగదీసి తీసేశారు. అలాంటిదానికి విలువ పడిపోతుంది.

గీటురాయి మీద గీయాలంటే అడుగు అంచున ఎక్కడో గీయించండి, ముద్ర దగ్గర ఒప్పుకోకండి. ఇప్పుడు మెషీన్లు వచ్చాయి, గీత కూడా పడదు, కానీ పూత మందంగా ఉంటే మెషీను కూడా పూతనే వెండి అంటుంది, జాగ్రత్త.

గంజాం గాలి:

పంతులుగారికీ మీకూ చాలా థాంక్స్. స్టాండ్లకి పచ్చగుడ్డ ఉంది, కొడితే మొద్దుగానే మోగుతున్నాయి. ఊదితే గీతలేమీ రాలేదు. పాలజగ్గు మీద కూడా నాలుగు అక్షరాలే, కానీ మూతి దగ్గర పూత పోయి లేత పసుపు కనిపిస్తోంది. దేవుళ్ళ డబ్బా సంగతి ఎవరూ చెప్పలేదు, సింహం లేదు కాబట్టి అది కూడా పూతేనా?

పర్లాకిమిడి పంతులు:

దాన్ని ఆఖరికి ఉంచాను, ఎందుకంటే నన్నడిగితే ఆ పెట్టెలో మొదట దాచుకోవాల్సింది అదే. పి. ఓర్ అండ్ సన్స్ మద్రాసు మౌంట్‌రోడ్డులో దొరలకి గడియారాలూ నగలూ వెండీ అమ్మిన పేరున్న దుకాణం. దేవుళ్ళ బొమ్మలు ఉబ్బెత్తుగా కొట్టిన ఈ పనిని స్వామి వర్క్ అంటారు, ఇక్కడి కంసాలుల చేతిపని, కొనేది మాత్రం దొరలు. అప్పట్లో ఇండియాలో ఇంగ్లాండులోలాగ పరీక్షా కార్యాలయం ఉండేది కాదు కాబట్టి సింహం ఉండదు, దుకాణం పేరే ముద్ర. కలకత్తాలో హామిల్టన్ అండ్ కంపెనీ సామాను కూడా అంతే. సింహం లేదని పూత అనుకుని ఎన్ని కరిగిపోయాయో.

1936లో ఒరిస్సా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా. అందుకని ఛత్రపురం బంగళాలో మద్రాసు వెండి ఉండడంలో ఆశ్చర్యం లేదు. బర్మింగ్‌హామ్ పటకార్లు ప్రపంచంలో ఏ మూలైనా దొరుకుతాయి. మన కంసాలి దొర టేబుల్ కోసం కొట్టిన నంది ఎన్నిచోట్ల దొరుకుతుంది? మన సరిహద్దు వైపు ఇవి సేకరించాలనుకునేవాడు ఇంగ్లాండు సామాను వెనక పరిగెట్టడం మానేసి ఇవి చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం. డబ్బా మీద నవ్వుతున్న ఆ దేవుడెవరో కూడా ఫోటో పెట్టండి.

జైపూర్ జానకి:

తమ్ముడూ, కత్తుల గురించి ఎవరూ చెప్పలేదు గనక చెప్తున్నాను, ఇది ముఖ్యం. తెల్ల పిడి చివర భూతద్దంతో చూడు. జల్లెడలాగా ఒకదాన్నొకటి కోసుకునే వంకర గీతలుంటే ఏనుగు దంతం. చిన్నచిన్న చుక్కలుంటే ఎముక. స్కేలు పెట్టి గీసినట్టు సమానంగా గీతలుంటే సెల్యులాయిడ్. దంతం అయితే అమ్మకానికి ఎక్కడా పెట్టకు. వన్యప్రాణి చట్టం కింద దంతం క్రయవిక్రయాలు నేరం, ఆఫ్రికా దంతం కూడా 1991 నుంచి అంతే, మా తాతగారిది అంటే కుదరదు. ఉంచుకోవడానికి ఏం చేయాలో అటవీశాఖ ఆఫీసులో అడుగు. ఇంకోటి, నూరేళ్ళు దాటిన కళావస్తువుని విదేశానికి పంపడం 1972 పురావస్తు చట్టం కింద మనలాంటివాళ్ళకి కుదరదు. లండన్‌లో ఎక్కువ పలుకుతుందని ఎవరైనా కొరియర్ మాటలు చెబితే నమ్మకు.

తోమడం సంగతి. టూత్‌పేస్టు వద్దు, చింతపండు అసలొద్దు, అది ఇత్తడికి. విభూదితో రుద్దడం మనకి అలవాటే కానీ ముద్రలు అరిగిపోయేది రోజూ అలా రుద్దేగా. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తటి పాత పంచె ముక్క చాలు. పూత సామానుని తోమిన ప్రతిసారీ పూతే పోతుంది, నీ పాలజగ్గు మూతి అలాగే పోయి ఉంటుంది. నగిషీ సందుల్లో నలుపు ఉండనీ, అది పోతే బొమ్మ ముఖం చదునుగా కనిపిస్తుంది. రబ్బరు బ్యాండు వేసి దాచకు, వేసినచోట నల్లటి గీత పడుతుంది. సముద్రం గాలికి బరంపురంలో ఇంకా తొందరగా నల్లబడతాయి, నూలుగుడ్డలో చుట్టి మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టు.

రాయగడ రాజా:

సరే ఒప్పుకున్నాను, డబ్బా ఉంచుకోండి. టీపాట్‌లో మాత్రం టీ పెట్టుకుని తాగండి, దాన్నేమీ దాచక్కర్లేదుగా.

కంసాలి మనవడు (పలాస):

తాగొచ్చు. పూత పోయిన చోట చుక్క టిన్ను కూడా పెట్టించకండి, మళ్ళీ వెండి పూత పట్టించాలన్నా అది అడ్డం.