జస్రాజ్ పాడింది ఖయాలా, భజనా?

శ్రుతిపెట్టె:
ఎనిమిదేళ్ళుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను, హిందుస్తానీ మాత్రం చెవికి కొత్త. మొన్న గురువుగారింట్లో పండిత్ జస్రాజ్ రికార్డింగు పెట్టారు. అడాణా రాగంలో ‘మాతా కాళికా’. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. పక్కనే ఉన్న ఒక పెద్దాయన సగంలో కాఫీ గ్లాసు కింద పెట్టేసి, “ఇది ఖయాలు కాదమ్మా, భజన” అంటూ వరండాలోకి వెళ్ళిపోయారు. ఖయాలంటే హిందుస్తానీలో రాగాన్ని విస్తరించి పాడే శాస్త్రీయ పద్ధతి అని మాత్రం తెలుసు. ఇంత పేరున్న గాయకుడంటే తెలిసినవాళ్ళకు ఎందుకా చిన్నచూపు? నా చెవిదే పొరపాటా?

అంబర్‌పేట పాతకాపు:
మీ చెవికేమీ కాలేదు. పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి. ఈ మాట వినీ వినీ నా జుట్టు నెరిసింది. ఖయాలులోకి ఠుమ్రీ అనే లలిత శాస్త్రీయ గానపు ఒయ్యారాలు తెచ్చారనీ, పక్క ఘరానాల (గురుపరంపరల) సొగసులు పట్టుకొచ్చి తన మేవాతీ ఘరానాలో కలిపారనీ మొదటి రోజుల్లోనే విమర్శకులు గట్టిగా అన్నారు. అది అబద్ధం కాదు. అది తప్పు ఎలా అవుతుందన్నదే నా పేచీ.

జస్రాజ్ పుట్టింది 1930లో, ఇప్పటి హర్యానాలో ఉన్న పీలీ మందోరీ అనే పల్లెలో. పెరిగింది మా హైదరాబాదులో. తండ్రి పండిత్ మోతీరామ్‌ను నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆస్థాన గాయకుడిగా ప్రకటించాల్సిన రోజునే ఆ తండ్రి కన్నుమూశారు. అప్పటికి పిల్లవాడికి నాలుగేళ్ళు. కాస్త పెద్దయ్యాక బడికి పోయే దారిలో ఒక హోటలు. అందులో బేగం అఖ్తర్ గజల్ రికార్డు వేసేవారు. ఇక బడి లేదు, గిడి లేదు, అక్కడే కూర్చుండిపోయేవాడట. ఆ చెవిలోకి ముందు దిగింది గజల్ అండీ! పెద్దయ్యాక దాన్ని కడిగేసుకుని రమ్మంటే ఎలా?

చేతికి మొదట వచ్చింది తబలా, నేర్పింది అన్న ప్రతాప్ నారాయణ్. లాహోరులో ఒకసారి పాట గురించి ఏదో అనబోతే, చచ్చిన తోలు మీద కొట్టేవాడివి, నీకు రాగాల సంగతేం తెలుసని ఒక పెద్ద విద్వాంసుడు నోరు మూయించారు. పాడటం వచ్చేదాకా జుట్టు కత్తిరించుకోనని కుర్రాడు పట్టుపట్టాడు. రేడియోలో పాడిన తరువాతే ఆ జుట్టుకు కత్తెర పడింది. గాయకుడిగా తొలి కచేరీ 1952లో, కాఠ్మాండూలో త్రిభువన్ మహారాజు ఎదుట.

ఇక మీరు విన్న అడాణా. ఆ పాట రాసింది గుజరాత్‌లోని సాణంద్ సంస్థానాధీశుడు జయవంత్ సింగ్ వాఘేలా. జస్రాజ్ ఆయనను గురువుగా కొలిచారు. పెద్దన్న మణిరామ్‌కు గొంతు పోయి, సాణంద్‌లో కాళికాదేవి ముందు పాడితే తిరిగి వచ్చిందని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. నమ్మినా నమ్మకపోయినా, అలాంటి ఇంట్లో బందిష్‌కూ (రాగంలో కట్టిన పాటకూ) ప్రార్థనకూ నడుమ గోడ ఎక్కడ కడతారు?

తండ్రి సమాధి మా అంబర్‌పేటలోనే ఉంది. తండ్రి, పెద్దన్న పేరిట 1972 నుంచి ఏటా ఈ ఊళ్ళో సంగీత సమారోహం జరిపించారు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఒకసారి నాకు ముందు వరసలో చోటు దొరికింది. ఆయన స్వరమండల్ అనే తీగల వాద్యంలో ఒక తీగ మాట వినడం లేదు. మీటడం, చెవి వంచడం, మర కొద్దిగా తిప్పడం, మళ్ళీ మీటడం. జనం దగ్గుతున్నారు, కుర్చీలు జరుపుకుంటున్నారు. తీగ దారికి వచ్చింది. ఆ మోగుతున్న తీగ మీదే ఆయన షడ్జం (‘స’) అందుకున్నారు. సవరించడం ఎక్కడ ఆగిందో, పాట ఎక్కడ మొదలైందో ఇప్పటికీ చెప్పలేను.

తీన్‌తాల్:
పాతకాపు గారూ, మీ అభిమానం తెలిసిందే. నా ఓటు మాత్రం వరండాలోకి వెళ్ళిన పెద్దాయనకే. ‘ఓం నమో భగవతే వాసుదేవాయ’ అందుకోగానే హాలంతా గొంతు కలుపుతుంది, రాగం ఒక మూలకు వెళ్ళి కూర్చుంటుంది. చివరి ఏళ్ళలో చప్పట్లు ఎక్కడ పడతాయో తెలిసి అక్కడికే తిరిగి తిరిగి వచ్చేవారు. అయితే ఒకటి. పాత రికార్డింగుల్లో విలంబిత్ (నెమ్మది నడక పాట) వినండి. మంద్రంలో మాటను ఎలా నిలబెడతారో, ఒక్క అక్షరం కూడా నలగకుండా ఎలా వదులుతారో వినండి. అక్కడ నేను నోరెత్తను.

వలజి వీధి:
శ్రుతిపెట్టె గారూ, మీరు కర్ణాటకం వారు కాబట్టి జస్‌రంగీ అనే జంటగాన పద్ధతి దగ్గర మొదలుపెట్టండి. ఆడ, మగ గొంతులు కలిపి పాడాలంటే శ్రుతి దగ్గరే తగువు కదా, ఒకరు గొంతు చించుకోవాలి, లేదా ఇంకొకరు గొణుక్కోవాలి. ఇద్దరినీ ఎవరి శ్రుతిలో వారిని, ఎవరి రాగం వారిని పాడనిచ్చే పద్ధతిని జస్రాజ్ కట్టారు. హిందుస్తానీవాళ్ళు దాన్ని మూర్ఛన అంటారు, మనకది గ్రహభేదమే, అంటే స్వరాలు అవే ఉంచి షడ్జం చోటు మార్చడం. అబ్బాయి రెండు శ్రుతిలో (హార్మోనియం రెండో తెల్ల మెట్టు షడ్జంగా) ఆభోగి రాగం పాడుతున్నాడనుకోండి. అతని మధ్యమమే (‘మ’) అయిదు శ్రుతి అమ్మాయికి షడ్జం. అవే స్వరాలు ఆమెకు వలజి రాగం అవుతాయి, హిందుస్తానీలో దాని పేరు కళావతి. హార్మోనియం పెట్టె మీద నొక్కి చూసుకోండి, ఒక్క స్వరం కూడా తేడా రాదు. ఇది భజన పాడుకునేవారి బుర్రకు తట్టే సంగతేనా?

గ్రహభేదం అంటే గుర్తొచ్చింది. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే ఒక చిన్న గ్రహానికి 2019లో ఆయన పేరు పెట్టారు. మరుసటి ఏడాది ఆగస్టులో న్యూజెర్సీలో పోయారు.

తీన్‌తాల్:
జస్‌రంగీ తెలివైనదే, కాదనను. తెలివి వేరు, ఖయాలు వేరు.

అంబర్‌పేట పాతకాపు:
మీతో వాదించడం నా వల్ల కాదు. విలంబిత్ ఒప్పుకున్నారు, నాకదే పదివేలు.

శ్రుతిపెట్టె:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా అన్నయ్యను కూర్చోబెట్టి ప్రయత్నించాను. తనది రెండు, నాది అయిదు, సరిగ్గా కుదిరింది. తను ఆభోగి, నేను వలజి. రెండో నిమిషానికే అన్నయ్య నా షడ్జంలోకి జారిపోయి తనూ వలజే పాడేస్తున్నాడు. చెవిలో దూది పెట్టుకుంటే కుదురుతుందేమోనంటున్నాడు. ఇవాళ మళ్ళీ కూర్చుంటాం.