సౌత్ సూడాన్ మిషన్‌కి వెళ్తున్న జవాను: పర్లాకిమిడిలో ఇంటివాళ్ళు ముందే ఏమేం చూసుకోవాలి?

పర్లాకిమిడి_కోడలు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఆయన సిగ్నల్స్‌లో హవల్దారు. ఐక్యరాజ్యసమితి మిషన్ మీద సౌత్ సూడాన్ వెళ్ళే బెటాలియన్‌తో ఆయన్ని కలిపారు. ముందు ఢిల్లీలో ట్రైనింగు, ఆ తర్వాత ఏడాది పాటు అక్కడే. వెళ్ళేలోగా ఒక్కసారి సెలవు మీద ఇంటికొస్తారు. ఆ కొద్ది రోజుల్లో ఏ కాగితాలు పూర్తి చేసుకోవాలి? నేను, అత్తయ్య, ఇద్దరు పిల్లలు ఇక్కడే, ఒడిశా పర్లాకిమిడిలో ఉంటాం. అత్తయ్యకి షుగరు, గుండె జబ్బు. ఆంధ్రాలో పాతపట్నం వైపు పొలంలో వాటా ఉంది, దాని మీద దాయాదులు కోర్టుకెళ్తామంటున్నారు. తినేవి ఏవైనా పంపొచ్చా? మిషన్‌కి వెళ్తే లక్షలొస్తాయి, ఇల్లు మొదలుపెట్టెయ్యమని చుట్టాలు చెప్తున్నారు, అది నిజమేనా?

రికార్డ్స్_క్లర్కు_కాశీనగర్:

అమ్మా, అన్నిటికంటే ముందు ఒకటి అడగండి: మీ పెళ్ళి, పిల్లల పుట్టుక ఆయన సర్వీసు రికార్డులో పార్ట్ టూ ఆర్డరుగా, అంటే జవాను సొంత వివరాల్ని యూనిట్ నమోదు చేసే ఉత్తర్వుగా, ప్రచురించారా? పెళ్ళి సర్టిఫికెట్ మీ బీరువాలో ఉన్నంత మాత్రాన సైన్యం దృష్టిలో మీరు భార్య అయిపోరు. యూనిట్ ఆర్డరు వేసి, అది జబల్పూర్‌లోని సిగ్నల్స్ రికార్డ్స్‌కి చేరాకే మీ పేరు ఎక్కుతుంది. డిపెండెంట్ కార్డుకైనా, క్యాంటీన్ కార్డుకైనా, రేపు ఫ్యామిలీ పెన్షన్‌కైనా ఆధారం అదే. పెళ్ళి సర్టిఫికెట్, ఇద్దరూ కలిసి దిగిన ఫోటో, మీ ఆధార్, పిల్లల జనన ధ్రువపత్రాలు కావాలి. ఈ పని ఆయన సొంత యూనిట్‌లో ఉండగానే ముగించాలి. మిషన్ బెటాలియన్‌లోకి వెళ్ళాక ఆయన కాగితాలు ఒకచోట, మనిషి ఇంకోచోట. చిన్న సవరణకి కూడా నెలలు పడుతుంది.

మన వైపు ఎక్కువగా దెబ్బతీసేది పేరు. ఒడిశా కాగితాల్లో ‘వ’ చాలాసార్లు ‘బ’ అవుతుంది. వెంకటలక్ష్మి బెంకటలక్ష్మిగా, సావిత్రి సాబిత్రిగా పడుతుంది. పైగా మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి బడిలో చివర రాస్తారు. సర్వీసు రికార్డులో ఇంటిపేరుకి ఒక పొడి అక్షరం (ఇనీషియల్), ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. ఇవాళ ఎవరూ పట్టించుకోరు. డబ్బు చేతికి రావలసిన రోజున మాత్రం ఫైలు ఆ ఒక్క అక్షరం దగ్గరే ఆగుతుంది. మీ ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం, పిల్లల జనన పత్రాలు, ఆయన రికార్డులోని పేర్లు అన్నీ ఒక తెల్లకాగితం మీద ఇంగ్లీషు స్పెల్లింగుతో పక్కపక్కన రాసి చూడండి. తేడా కనబడితే ముందు ఆధార్ సరిచేయించండి. సర్వీసు రికార్డు మార్చాలంటే అఫిడవిట్లు, పేపరు ప్రకటన అంటారు, అది పెద్ద పని.

రెండోది నామినేషన్లు. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌కి ఒకటి, జవాన్ల ప్రావిడెంట్ ఫండుకి ఒకటి, బ్యాంకు ఖాతాకి ఇంకొకటి. మూడూ వేర్వేరు, ఒకటి మార్చితే మిగతావి మారవు. చాలామంది భర్తీ అయిన రోజున అమ్మ పేరో నాన్న పేరో రాసి, పెళ్ళయ్యాక ఆ కాగితం ముట్టుకోరు. అత్తాకోడళ్ళ మధ్య గొడవ ఇక్కడే పుడుతుంది. ఇన్సూరెన్సు నామినేషన్‌లో ఇద్దరికీ శాతాలు వేసి రాయొచ్చు. ఇది అత్తయ్య ముందే, ఆవిడకి తెలిసేలా చేస్తే మంచిది. విల్లు కూడా రాయించండి. ఇద్దరు సాక్షుల సంతకం ఉంటే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

బ్యాంకు: ఆయన ఏటీఎం కార్డు మీ దగ్గర పెట్టుకుని ఏడాది గడపాలనుకోకండి. కార్డు పోయినా, పిన్ మూడుసార్లు తప్పు కొట్టినా మీ చేతిలో ఏమీ ఉండదు. ఇద్దరి పేరా జాయింటు ఖాతా తెరవండి, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే నడపొచ్చు) అని ఉండాలి. మీ సొంత కార్డు, మీ సొంత ఫోను నంబరు. జీతం ఖాతా నుంచి ప్రతి నెలా ఒక తేదీన ఇంత మొత్తం అందులో పడేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇప్పించండి. దాని మీద ఆయన సంతకం కావాలి, కాబట్టి సెలవులోనే చేయాలి.

ఆయన సిమ్ సంగతి. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ నంబరు తీసేయొచ్చు. 20 రూపాయల బ్యాలెన్సు ఉంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు నిలుపుతారు. ఆ నంబరుకే బ్యాంకు, ఆధార్, పాన్ అన్నీ ముడిపడి ఉంటాయి కాబట్టి క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుని రీఛార్జి చేస్తూ ఉండండి.

లక్షల మాట. ఐక్యరాజ్యసమితి సైనికుడి చేతికి నేరుగా ఇచ్చేది రోజుకి 1.28 డాలర్లు. సెలవు భత్యం రోజుకి 10.50 డాలర్లు, అదీ ఆరు నెలల్లో 15 రోజులకి మించదు. మనిషికి ఇంత అని నెలనెలా లెక్కగట్టే పెద్ద మొత్తం సైన్యం పంపిన ప్రభుత్వానికి వెళ్తుంది. జవానుకి విదేశీ భత్యం మన ప్రభుత్వం తన నియమాల ప్రకారం ఇస్తుంది. అది ఎంతో ఆయన పే స్లిప్పులో పడ్డాకే చూసుకోండి. దాన్ని నమ్ముకుని ముందే అప్పు చేసి పునాది తవ్వొద్దు.

తపాలా_గుణుపూర్:

అక్కా, పార్సెలు గురించి నేను చెప్తాను. అక్కడి భారత బెటాలియన్‌కి ఉత్తరాలు ఆర్మీ పోస్టల్ సర్వీసు ద్వారా వెళ్తాయి. చిరునామా ఇంగ్లీషులో ఇలా ఉండాలి: మొదటి వరుస సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు. తర్వాత కంపెనీ, బెటాలియన్ పేరు. ఆ తర్వాత 9తో మొదలయ్యే ఆరంకెల పిన్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు). అంతే. అడుగున ‘సౌత్ సూడాన్’ అని రాయకండి. దేశం పేరు కనబడితే కౌంటర్లో విదేశీ తపాలా కింద పెట్టి, కస్టమ్స్ ఫారం నింపమని విదేశీ రేటు అడుగుతారు, తర్వాత అది ఎటు పోతుందో తెలీదు. ఏపీఓ చిరునామాకి దేశంలో పంపే రేటే. ఇప్పుడున్న యూనిట్ పిన్ మిషన్‌కి పనికిరాదు, కొత్తది ఆయన అక్కడికి చేరి చెప్పాకే మొదటి పార్సెలు కట్టండి. ప్రైవేటు కొరియర్ వాళ్ళు తీసుకుంటామన్నా ఇవ్వొద్దు, ఏపీఓ తపాలా శాఖది.

ఆవకాయ పంపకండి. ఎంత బిగించినా విమానంలో ఒత్తిడి మారినప్పుడు, ఎండలో సంచి కాగినప్పుడు నూనె పైకి ఉబికి మూత సందులోంచి కారుతుంది. మీ పార్సెలుతో పాటు పక్కవాళ్ళ ఉత్తరాలూ పాడవుతాయి. అరిసెల్లో పాకం తడి ఉంటుంది, దారిలో ఎక్కువ రోజులైతే బూజు పడుతుంది. జంతికలు నలిగి, నూనె వాసన పట్టేస్తాయి. నిలిచేవి పొడులు. కందిపొడి, మునగాకు పొడి, నువ్వుల కారం. పప్పు సన్న సెగ మీద లోపలి దాకా వేగాలి, ఉప్పు కూడా కాస్త వేయించండి, వెల్లుల్లి వద్దు. దంచాక వెడల్పు పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉండగా కడితే లోపల ఆవిరి నీరై గడ్డకడుతుంది. పావుకిలో చొప్పున చిన్న పొట్లాలు, ఒక్కోదానికి రెండు కవర్లు. ఒకటి విప్పితే మిగతావి చెడవు.

డబ్బా చుట్టూ కోరాగుడ్డ కుట్టి, చిరునామా చెరగని మార్కరుతో గుడ్డ మీదే రాయండి. అదే చిరునామా ఇంకో కాగితం మీద రాసి డబ్బా లోపల కూడా పెట్టండి, గుడ్డ చిరిగినా మనిషి దొరుకుతాడు. పవర్ బ్యాంకు, సెంటు సీసా, లైటరు, అగ్గిపెట్టె పెట్టొద్దు. వీటిలో ఒక్కటున్నా పార్సెలు మొత్తం ఆగుతుంది.

అక్కడ ఏప్రిల్, మే నుంచి అక్టోబరు దాకా వానలు. మట్టి రోడ్లు మూసుకుపోతాయి, సామాను అంతా విమానాల మీదే ఆధారం. ఆ నెలల్లో ఉత్తరాలు ఆలస్యమవుతాయి, వెనక రాసినది ముందు చేరుతుంది. అందుకే ఉత్తరం పైన 1, 2, 3 అని వరుస నంబరు వేయండి. నాలుగోది చేరి మూడోది చేరకపోతే ఆయనకి తెలుస్తుంది, కంగారు పడరు. ఒరిజినల్ కాగితం ఏదీ తపాలాలో పెట్టకండి.

వకీలు_బరంపురం:

పొలం గురించి. చెల్లెమ్మా, ఆయన వెళ్ళేలోగా మీ పేర పవర్ ఆఫ్ అటార్నీ రాయించండి. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, ఇచ్చే మనిషి ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉంటున్నారో అక్కడే దాన్ని ధ్రువీకరించాలి. అంటే పొలం ఆంధ్రాలో ఉన్నా కాగితం మాత్రం పర్లాకిమిడిలో. దాన్ని ఒడియాలో రాయించకండి, ఇంగ్లీషులో రాయించండి. అవతలి రిజిస్ట్రారుకి తెలియని భాషలో ఉంటే అనువాదం జతచేయమంటారు, మళ్ళీ తిరుగుడు. అన్ని అధికారాలూ ఇస్తున్నానని గంపగుత్తగా కాకుండా, ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, కోర్టులో వకీలుని పెట్టుకోవడం, శిస్తు కట్టడం, రెవెన్యూ ఆఫీసులో అర్జీ ఇవ్వడం అని విడివిడిగా రాయించండి. అమ్మే అధికారం అవసరం లేకపోతే అందులో చేర్చొద్దు. ఆంధ్రాలో వాడేముందు స్టాంపు తేడా కట్టాల్సి వస్తుందేమో అక్కడ అడగండి.

వెళ్ళాక గుర్తొస్తే దారి లేకపోలేదు. జూబాలో మన రాయబార కార్యాలయం ఉంది, అక్కడ ధ్రువీకరించి పంపొచ్చు. కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. కాని క్యాంపు నుంచి జూబా వెళ్ళడం ఆయన చేతిలో ఉండదు.

కేసు పడితే భయపడకండి. ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ యాక్ట్, 1925 అని ఒక చట్టం ఉంది. సముద్రాల అవతల సర్వీసులో ఉన్న సైనికుడి తరఫున ఎవరూ లేనప్పుడు సివిల్, రెవెన్యూ కోర్టుల్లో విచారణ వాయిదా వేయడానికి అది వీలిస్తుంది. ఎవరూ హాజరు కాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేసినా రద్దు కోరొచ్చు, కోర్టుకెళ్ళడానికి ఉన్న గడువు లెక్కలోంచి ఆ సర్వీసు రోజులు తీసేస్తారు. మీ వకీలు మొదటి వాయిదాకే ఆయన ఎక్కడ సర్వీసులో ఉన్నారో కోర్టుకి లిఖితంగా చెప్పాలి, యూనిట్ సర్టిఫికెట్ జతచేయాలి. కలెక్టరు కూడా కోర్టుకి రాయొచ్చు. ఒక్క మాట: సమన్లు వస్తే తలుపు వేసుకుని తీసుకోకుండా ఉండొద్దు. తీసుకుని, తేదీ రాసుకుని, అదే రోజు వకీలుకి ఇవ్వండి.

నర్సక్క_రాయగడ:

అత్తయ్య పేరు కూడా డిపెండెంటుగా రికార్డులో ఉంటేనే మిలిటరీ ఆసుపత్రిలో చూస్తారు. ఈసీహెచ్ఎస్ కార్డు అడగమని ఎవరైనా చెప్తే అది రిటైరైన వాళ్ళది, మీకు వర్తించదు. విశాఖలో ఐఎన్ఎచ్ఎస్ కల్యాణి నేవీ ఆసుపత్రి అని వెనకాడొద్దు, ఆర్మీ కుటుంబాలనీ చూస్తారు. ఒకసారి ఆయన ఉండగానే అత్తయ్యని తీసుకెళ్ళి చూపించి, పాత ఈసీజీ, మందుల చీటీ ఫైలు చేసుకోండి. గుండెనొప్పి వస్తే మాత్రం విశాఖ దాకా మోయకండి, ముందు దగ్గరి ఆసుపత్రి, తర్వాత ఫోను.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు. అక్కడ ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా ఎక్కువ. ఆయన సెలవు మీద వచ్చినా, మిషన్ ముగించి వచ్చినా మలేరియా నివారణ మాత్రలు ఇంటికి రాగానే ఆపెయ్యకూడదు. మెఫ్లోక్విన్, డాక్సీసైక్లిన్ లాంటివి అక్కణ్ణుంచి బయల్దేరాక ఇంకా నాలుగు వారాలు వాడాలి. వచ్చిన మూడు నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ఆశా కార్యకర్త దగ్గరి కిట్టు నెగెటివ్ వచ్చిందని ఊరుకోవద్దు, జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల తేడాతో స్లైడు (మైక్రోస్కోపు కింద చూసే రక్తపరీక్ష) మళ్ళీ తీయించాలి. ‘ఆఫ్రికా నుంచి వచ్చారు’ అనే మాట డాక్టరుకి మీరే ముందు చెప్పండి. మన గజపతి, రాయగడలో మలేరియా మామూలే కాబట్టి వాళ్ళంతట వాళ్ళు అడగరు.

పర్లాకిమిడి_కోడలు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంకో రెండు. అత్తయ్యకి ఏదైనా అయితే ఆయనకి ఎలా తెలియజేయాలి? వాట్సాప్‌లో మెసేజ్ పెడితే చాలదా? పిల్లల చదువు భత్యం ఫారం మీద ఆయన సంతకం కావాలి కదా?

రికార్డ్స్_క్లర్కు_కాశీనగర్:

వాట్సాప్ చాలదు. ఆయన డ్యూటీలో ఉండొచ్చు, నెట్ లేకపోవచ్చు. పైగా సెలవు ఇచ్చేది ఆయన కాదు, పై అధికారి. సొంత యూనిట్ ఫోను, మిషన్ బెటాలియన్ వెనక ఇండియాలో ఉండే రియర్ పార్టీ ఫోను రెండూ రాయించుకుని గోడకి అంటించండి. ఫోను చేసినప్పుడు ఈ వరుసలో చెప్పండి: సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు, ఇప్పుడున్న బెటాలియన్, జబ్బుపడింది ఎవరు, ఏ ఆసుపత్రి, డాక్టరు పేరు, ఆసుపత్రి ఫోను. అడ్మిషన్ చీటీ ఫోటో పంపండి. వాళ్ళు నిజమో కాదో ఆరా తీసుకున్నాకే సెలవు కదులుతుంది, కాబట్టి ఆ డాక్టరు ఫోను ఎత్తేలా చూసుకోండి. టైము కూడా గుర్తుంచుకోండి, అక్కడ మనకంటే మూడున్నర గంటలు వెనక. 2021కి ముందు పట్టికల్లో రెండున్నర అని ఉంటుంది, అది పాతది.

‘హెడ్‌క్వార్టర్స్ నుంచి మాట్లాడుతున్నాం, మీ ఆయనకి దెబ్బ తగిలింది, విమానం టిక్కెట్టుకి డబ్బు వేయండి’ అని ఎవరైనా ఫోను చేస్తే కట్ చేసి రియర్ పార్టీకి చేయండి. అసలైన కబురు డబ్బు గాని, ఓటీపీ గాని అడగదు. ఆయన ఎప్పుడు బయల్దేరుతున్నారు, ఏ క్యాంపులో ఉన్నారు అని పిల్లలు స్టేటస్‌లో పెట్టకుండా చూడండి.

భత్యం ఏడాదికోసారే. విద్యా సంవత్సరం అయ్యాక హెడ్మాస్టరు దగ్గర బోనఫైడ్ సర్టిఫికెట్ తీసుకుని, దాని కాపీ పంపితే సంతకం ఆయన అక్కడే పెట్టి క్లెయిము వేస్తారు. సర్టిఫికెట్‌లో పిల్లల పేరు పార్ట్ టూ ఆర్డరులో ఉన్నట్టే ఉండాలి, కౌంటరు దగ్గరే చదివి చూసుకుని తీసుకోండి.