సమస్య: తన్ని తన్ని యతడు ధన్యుడయ్యె

నిర్వాహకుడు (హనుమకొండ):
కాలిఫోర్నియాల మా బాబు దగ్గరికి పోయినప్పుడు అలమెడాలోని పిన్‌బాల్ మ్యూజియానికి తీస్కపోయిండు. పిన్‌బాల్ అంటే వాలు బల్ల మీద దొర్లే గుండు గోతిల పడకుండ, మీట నొక్కితే లేచే రెక్కలతోటి కొట్టి అంకె పెంచుకునే ఆట. ముట్టుకోవద్దని బోర్డు పెట్టే మ్యూజియం కాదది. టికెట్ కొని లోపలికి పోతే పాత యంత్రాల మీద ఎంతసేపైనా ఆడొచ్చు. డెబ్బై దాటిన ఒక పెద్దమనిషి నడుం వంచి, రెండు చేతులా మీటలు టకటక నొక్కుతుంటే ఈ పాదం నోట్లెకొచ్చింది. దీన్నే ఆఖరి పాదంగ పెట్టి పద్యం పూరించండ్రి. స్కూటర్ కిక్కు కొట్టే పూరణ మాత్రం వద్దు, అందరూ అదే రాస్తరు.

కొత్త సభ్యుడు (జనగామ):
‘తన్నతడు’ కావాలె కదా సార్?

నిర్వాహకుడు:
క్త్వార్థ ఇకారానికి (‘తన్ని’ లాంటి అసమాపక క్రియ చివరి ‘ఇ’కి) సంధి లేదు. యడాగమమే, నడుమ ‘య’ వస్తది.

జంక్షన్ కవి (కాజీపేట):
గోతి వైపు జారు గుండును పడనీక
మీట నొక్కి రెక్క మీది కెత్తి
యంకె పెరిగి పెరిగి యాట మరల దక్క
తన్ని తన్ని యతడు ధన్యుడయ్యె

మెట్‌పల్లి మాస్టారు:
నడక బాగుంది. కవిగారి పద్యాలకు నడకెప్పుడూ బాగనే ఉంటది, ఎటు పోతున్నయో తెల్వది గంతే. తన్నింది ఎవరు? రెక్క. అతడు మీట నొక్కిండు. నిజంగ అతడే యంత్రాన్ని తంతే లోపల వేలాడే లోలకం చుట్టూ ఉన్న రింగుకు తగుల్తది, ‘టిల్ట్’ పడ్తది, రెక్కలు చచ్చుబడ్తయ్, ఆ గుండు పోయినట్టే. ఇగ ధన్యుడెట్లయితడు? ఇంకోటి, ‘దక్క’ ద్రుతాంతం (చివర నకారం దాగున్న పదం), తర్వాతి ‘త’కు సరళాదేశమై ‘ద’ వస్తది. ‘దక్కఁ దన్ని’ అనాలె.

జంక్షన్ కవి:
సరళాదేశం చేస్తే ఇచ్చిన పాదాన్ని మార్చిండని మొదటి ఉత్తరం మీరే రాస్తరు. యతికి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతోటి పొత్తుకు) ఎటైనా ఢోకా లేదు, ద–ధ కుదురుతయ్. కానీ పాదం నిర్వాహకులది, నేను ముట్ట. ఇగ తన్నుడు సంగతి. ఓరుగల్లు కోట గణపతిదేవుడు కట్టిండంటం. రాళ్ళు ఆయనే మోసిండా?

మెట్‌పల్లి మాస్టారు:
ఆ తర్కం మాకు కొత్త కాదు. మునుపు ‘రాయి తేలె నీట రవ్వ మునిగె’ అని సమస్య ఇచ్చినప్పుడు రామప్ప గుడి ఇటుకను తేల్చి శభాష్ అనిపించుకున్నరు. ఆ ఇటుక తేలుతది, నిజమే. ఇటుక రాయి ఎప్పుడైంది? ఆనాడు ఇటుకను రాయి చేసిండ్రు, ఈనాడు రెక్కను కాలు చేసిండ్రు. నా పూరణ:

జూద మనెడి సభకుఁ జూపెను నేర్పును
చెప్పి నట్టి దారిఁ జేరె గుండు
నోరు మూసి కొనెను న్యూయార్కు కౌన్సిలు
తన్ని తన్ని యతడు ధన్యుడయ్యె

జూదమని 1942 నుంచి న్యూయార్క్‌ల పిన్‌బాల్ నిషేధం. 1976ల రోజర్ షార్ప్ అనే ఆటగాడు కౌన్సిల్ ముందర ఆడి చూపిండు. ప్లంజర్ (గుండును వదిలే స్ప్రింగు కడ్డీ) లాగకముందే ‘గుండు నడిమి సందులకెళ్ళి పోతది’ అన్నడు, అట్లనే పోయింది. నిషేధం ఎత్తేసిండ్రు.

జంక్షన్ కవి:
‘నోరు – న్యూయార్కు’ యతికి దండం మాస్టారూ. నవ్వాపుకోలేకపోయిన. కానీ చెప్పి వదిలింది ఒక్క గుండు, పాదంల ‘తన్ని’ రెండుసార్లుంది. ఆ రెండో తన్ను ఎవరికి? పైగా ప్లంజర్ కాడ ఆయన చేసేది లాగి వదులుడే, తన్నేది స్ప్రింగు. నన్ను రెక్క వద్దన్న నోటితోనే మీరు స్ప్రింగును తెచ్చిండ్రు!

నిర్వాహకుడు:
మాస్టారు నిషేధం ముచ్చట ఎత్తిండ్రు కాబట్టి ఒక మాట. మేయర్ లగార్డియా సుత్తె పట్టి పగలగొట్టిన కాలం యంత్రాలకు ఇప్పటి రెక్కలు లేవు. అవి 1947ల గాట్‌లీబ్ కంపెనీ ‘హంప్టీ డంప్టీ’తోటి వచ్చినయ్, ఆ యంత్రానికి ఏకంగా ఆరు. అంతకుముందు గుండు వదిలి, పెట్టెను అటిటు కొద్దిగా కుదుపుడే. జూదమన్నోళ్ళది అప్పటికి మొత్తం తప్పని నేననను. కాబట్టి ‘సభకుఁ జూపెను నేర్పును’ అన్న మాటకు అసలు బలం రెక్కలిచ్చిందే. కవిగారి రెక్కను మాస్టారు మరీ అంత తీసేయకుంటే బాగుండు.

సీతాకోక (కరీంనగర్):
పెద్దల కొట్లాట చదివి భయంభయంగా పెడుతున్న. నా ‘అతడు’ మాత్రం సొంత కాలితోనే తన్నిండు.

ఊపి యూపి చూడ నూగె లోలకమ్ము
ఆట నిలిచి పోయె నంత లోనె
కసిని దీర్చ బయట కాలిబంతి దొరకె
తన్ని తన్ని యతడు ధన్యుడయ్యె

మెట్‌పల్లి మాస్టారు:
శభాష్ బిడ్డా! టిల్టూ పడ్డది, కాలూ లేచింది, రెండు తన్నులకూ లెక్క కుదిరింది. కొందరు చూసి నేర్చుకోవాలె. అయితే మొదటి పాదం చివర ‘లకమ్ము’ జగణమైంది (లఘువు, గురువు, లఘువు), ఆ గణం ఈడ చెల్లది, చూసుకో.

నిర్వాహకుడు:
‘నూగె లోలకమది / యాట నిలిచి’ అంటే గణమూ సంధీ రెండూ సర్దుకుంటయ్. యతికి దెబ్బ లేదు.

జంక్షన్ కవి:
మాస్టారు మెచ్చుకున్నరంటే ఇయ్యాల వాన పడ్తది. పూరణ మంచిగనే ఉంది తల్లీ, కాదన. కానీ మ్యూజియం బయట కాలిబంతి ఎక్కడిది? అవసరం పడంగనే ఆకాశంలకెళ్ళి ఊడిపడ్డదా?

సీతాకోక:
మీకు తేలే రాయి దొరికిన కాడనే దొరికింది అన్నా.